ఆగిపోయిన దగ్గు

"సాయంత్రాలు దీపం పెట్టాక, పిల్లకి తేనెలో ఏం కలిపి నాకించేదానివమ్మా?"

డిటెక్టివ్ రాజారత్నం ఆ ప్రశ్న అడగడం అది మూడోసారి. మొదట గుమ్మంలో చెప్పులు విడుస్తూ అడిగాడు. తర్వాత మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెడుతూ అడిగాడు. ఈసారి ఆమె ముఖం కూడా చూడకుండా, గోడగడియారంతో మాట్లాడుతున్నట్టు అడిగాడు. పదీ పది అయింది.

చంద్రకళ ఒళ్ళో ఉన్న చిట్టిబాబు నోట్లోంచి తన కొంగు లాగేసింది. వాడు ఏడుపు మొహం పెట్టేసరికి మళ్ళీ వాడికే ఇచ్చేసింది.

ఆమెకి ఇరవై రెండేళ్ళు. శివరామయ్యకి రెండో పెళ్ళాంగా తెనాలిలో ఈ పెంకుటింటి గడప దాటి మూడేళ్ళయింది. అప్పటికి మొదటి భార్య కూతురు ప్రమీలారాణికి మూడేళ్ళు. తొమ్మిది రోజుల కిందట, ఆరేళ్ళు నిండి నెల తిరక్కుండా, ఆ పిల్ల ఆస్పత్రి మంచం మీద పోయింది. కడుపునొప్పి, వాంతులు, జ్వరం, చివరికి మాట పడిపోవడం, అంతా మూడు రోజుల్లో జరిగిపోయింది. రాణిని ఇంటికైనా తేకముందే పిల్ల అమ్మమ్మ సుబ్బాయమ్మ పోలీసు స్టేషన్‌కి వెళ్ళి, సవతితల్లి విషం పెట్టిందని రాయించి వేలిముద్ర వేసి వచ్చింది.

రాజారత్నం బాపట్ల మనిషి. మలేరియా డిపార్టుమెంటులో పన్నెండేళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చుని రక్తపుబొట్లు చూసీ చూసీ ఎడమకన్ను కాస్త చిన్నదైపోయింది. ఆ ఉద్యోగం మానేసి డిటెక్టివ్ పనిలోకి దిగినా, మనిషిని చూసినా గోడను చూసినా ఆ కన్ను అలాగే చికిలించి చూస్తాడు. ఆస్పత్రి లేబొరేటరీలో పనిచేసే డాక్టరు దేవకుమారి అతని అన్న కూతురు. "చిన్నాన్నా, ఈ పిల్ల రక్తంలో ఉండాల్సింది ఒకటి లేదు. నువ్వు రావాలి" అని ఆమె కబురు చేస్తే నిన్న రాత్రి బండికి వచ్చాడు.

అప్పుడే వెనక దొడ్లోంచి దగ్గు వినిపించింది. పొడిదగ్గు. మూడు తెరలు, కాస్త ఆగి ఇంకొకటి. చంద్రకళ మెడ దానంతటదే అటు తిరిగింది. దొడ్లో ఆరేసిన చీర తప్ప ఏమీ లేదు.

"ఏం వినబడిందమ్మా?"

"ఏం లేదండి."

"నాకూ ఏం వినబడలేదు. నువ్వు మాత్రం విన్నావు." అతను జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. "పోనీ ఇంకోటి అడుగుతాను. రాణికి దగ్గు ఎన్నాళ్ళనుంచి?"

"ఆషాఢం నుంచండి. పడుకుంటే పిల్లికూతలు. డొక్కలు ఎగరేసేది. ఒళ్ళంతా దద్దుర్లు, రాత్రంతా పిర్రలు గోక్కునేది."

"దగ్గు ఎప్పుడు తగ్గింది?"

"దసరా వెళ్ళిన నాలుగో రోజుకి. ఒక్కసారిగా."

"ఆకలి?"

"అబ్బో! రెండుసార్లు మారడిగి తినేదండి. బుగ్గలు పూరీల్లా పొంగాయి. అందరూ దిష్టి తీయమనేవారు."

రాజారత్నం పెన్సిలు ఆగింది. "నాలుగో రోజుకి దగ్గు ఆగింది. నెలకి బుగ్గలు వచ్చాయి. ముప్పై ఆరో రోజున పిల్ల పోయింది. మధ్యలో నువ్వు ఏదో పెట్టావు. ఏంటది?"

ఆమె చూపు చిట్టిబాబు నడినెత్తి మీద పడింది. చెబితే వీడికి తగులుతుంది. ఆ మాట చెప్పినవాడి గొంతు మెత్తగా, వెన్నలా, ఇప్పటికీ చెవిలో ఉంది. *పొడి సంగతి నోరు దాటిందా, ఇంట్లో ఇంకో బిడ్డ మీదికి మళ్ళుతుంది తల్లీ.* పోయిన పిల్ల ఎలాగూ పోయింది. ఉన్నవాణ్ణి ఎలా పణంగా పెట్టడం?

గుమ్మంలో బూట్ల చప్పుడైంది.

"లోపలెవరు? ఓహో, దోమల డిటెక్టివ్‌గారా!" ఇన్‌స్పెక్టర్ నరసింహం టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. వెనక చేతులు కట్టుకుని ఒక కానిస్టేబులు. "దోమలు ఊళ్ళో చాలానే ఉన్నాయి కదయ్యా, నా కేసులో దూరావెందుకు?"

"దోమలకి వారెంటు అక్కర్లేదు కదా సార్. ఎక్కడికైనా వెళతాయి."

"కుట్టిందంటే చరిచి పారేస్తాను." ఇన్‌స్పెక్టర్ చంద్రకళ వైపు తిరిగాడు. "ఇదిగో, ఇదంతా ముగించేద్దాం. దీపాలు పెట్టేవేళ తలుపు గడియ పెట్టి పిల్లకి పచ్చటి ముద్ద ఏదో నాకించడం పక్కింటి అనసూయమ్మ కిటికీలోంచి చూసింది. ఆ పొట్లాల కాగితాలు పొయ్యిలో వేయడం కూడా చూసింది. అడిగితే మాట్లాడవు. అదే కుండలో అన్నం తిన్న నీ కొడుకు చూడు, గుండ్రాయిలా ఉన్నాడు. సవతి బిడ్డ పోయింది, సొంతబిడ్డ బాగున్నాడు. ఇక నేను ఎవరిని అడగాలి, ఆ గడియారాన్నా?"

"పోస్టుమార్టంలో తీసిన విసెరా పరీక్షకి పంపారుగా సార్," అన్నాడు రాజారత్నం. "అందులో ఏం వచ్చింది?"

"అయిదింటికి మనిషి రిపోర్టు పట్టుకొస్తున్నాడు."

"గన్నేరుపప్పు ఉండదు. పాషాణం ఉండదు. రాసిస్తాను కావాలంటే."

"రాసివ్వు. అది కూడా ఫైల్లో పెడతాను, నవ్వుకోడానికి." నరసింహం టోపీ పెట్టుకున్నాడు. "అయిదు గంటలు. రిపోర్టులో ఏమున్నా సరే, అయిదింటికి ఈవిడ స్టేషన్లో ఉంటుంది. పిల్లాణ్ణి ఎవరికి అప్పజెబుతావో చూసుకోమ్మా."

చంద్రకళ చేతులు చిట్టిబాబు చుట్టూ బిగిశాయి. వాడు నొప్పికి కెవ్వుమన్నాడు.

బూట్లు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, రాజారత్నం సంచిలోంచి రెండు కాగితాలు తీసి ఆమె ముందు పరిచాడు.

"చదువుకున్నావా అమ్మా?"

"ఏడో క్లాసులో మాన్పించారండి."

"అంకెలు చాలు. ఇది ఆగస్టులో బడిలో డాక్టర్లు వచ్చినప్పుడు రాణికి తీసిన రక్తం. ఇక్కడ చూడు, ముప్పైరెండు. ఇది పిల్ల పోయిన రాత్రి ఆస్పత్రిలో తీసింది. అదే గడి. ఎంత ఉంది?"

"సున్నా."

"ఆ. మన ఒంట్లో కాపలావాళ్ళుంటారు. రక్తంబొట్టు గాజుపలక మీద పూసి రంగు వేస్తే, కుంకుమరేణువులు కుక్కి నింపినట్టు ఎర్రగా కనిపించే కణాలు. పొట్టలో పురుగులు పడ్డ పిల్లల్లో అవి గుంపులు గుంపులుగా పుట్టుకొస్తాయి. వందలో నాలుగుండాల్సింది రాణికి ముప్పైరెండున్నాయి. అంటే ఆ పిల్లకి అప్పటికే పురుగులున్నాయి. ఏలికపాముల్లాంటి పెద్దవి కావు, వెంట్రుక ముక్కంత. కాలవగట్టున తడిమట్టిలో వట్టికాళ్ళతో తిరిగితే అరికాల్లోంచి దూరతాయి. రక్తంలో పడి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అక్కడ కాపలావాళ్ళు వాటితో కలబడతారు. ఆ కొట్లాటకే లోపల వాస్తుంది. దగ్గు, పిల్లికూతలు, దద్దుర్లు, అన్నీ ఆ కొట్లాటే."

"అంటే ఉబ్బసం కాదాండి?"

"కాదు. ఆ రాత్రే దేవకుమారి ఆ పిల్ల కఫం ఒక చుక్క అద్దం కింద పెట్టి చూసింది. పురుగులు ఈదుతున్నాయట, లెక్కపెట్టలేనన్ని. పేగుల్లో గోడలు తొలుచుకుని ఒళ్ళంతా పాకాయి. శత్రువు ఇన్నివేలైనప్పుడు కాపలావాళ్ళు ఎంతమంది ఉండాలి? రెండు వందల కణాలు లెక్కపెట్టింది మా అమ్మాయి. ఒక్కడూ లేడు." అతను కాగితం మీద వేలితో తట్టాడు. "వాళ్ళంతట వాళ్ళు పోరమ్మా. ఎవరో నిద్రమందు పెట్టారు. ఉబ్బసానికి వాడే తెల్లబిళ్ళలు కొన్ని ఉన్నాయి, ప్రెడ్నిసొలోన్ అంటారు. డాక్టరు చూసి ఇస్తే ప్రాణం నిలబెడతాయి. పురుగులున్న పిల్లకి గుడ్డిగా వేస్తే కొట్లాట ఆగిపోతుంది. దగ్గు ఆగుతుంది, ఆకలేస్తుంది, బుగ్గలొస్తాయి. పురుగులకి ఇక అడ్డెవరు?"

చంద్రకళకి ఒక రాత్రి గుర్తుకొచ్చింది. చిట్టిబాబుకి జ్వరం, రాణికి దగ్గు, తనకి కన్ను మూతపడి రెండు రోజులు. గోడకి జారగిలబడి, పళ్ళ బిగువున అనుకుంది, *ఈ దగ్గు ఎలాగైనా సరే ఆగిపోతే బాగుండు.* ఎలాగైనా సరే. ఆ మాట విన్నవాళ్ళెవరో ఉన్నారు. ఆపేశారు.

"నేను విషం పెట్టలేదండి," అంది.

"నాకు తెలుసు. కానీ నీ చేత్తోనే వెళ్ళింది. ఇలాగే ఇంకెంతమంది తల్లులు ఈ పూట తేనె రంగరిస్తున్నారో నాకు తెలీదు. నీకు తెలుసు."

ఆమె చిట్టిబాబు రెండు చెవులూ అరచేతులతో మూసింది, వాడికి వినపడితే వాడికే తగులుతుందన్నట్టు. అప్పుడు చెప్పింది.

"రేపల్లెలో. పొడి వెంకటకృష్ణయ్యగారంటారు."

పక్కింటి అనసూయమ్మ తలుపు సందులోంచి చూస్తూనే ఉంది. చంద్రకళ నేరుగా వెళ్ళి పిల్లాణ్ణి ఆవిడ చేతుల్లోనే పెట్టింది. "పొద్దస్తమానం చూస్తూనే ఉన్నావుగా వదినా. ఈ పూటకి వీణ్ణి బాగా చూడు. వాళ్ళ నాన్న దుగ్గిరాల పసుపు యార్డు నుంచి అయిదున్నరకి వస్తారు, ఆయనకి ఇచ్చెయ్."

అనసూయమ్మ వాణ్ణి చంకనేసుకుంది.

పదకొండూ నలభై పాసింజరు పావుగంట ఆలస్యంగా కదిలింది. బెంచీ మీద చంద్రకళ కిటికీ పక్కన చోటు వదిలి కూర్చుంది. రాణి ఎప్పుడూ కిటికీ దగ్గరే కూర్చునేది. వేమూరు దాటాక ఒకావిడ గంప దించి ఆ ఖాళీలో కూలబడబోతే, "మనిషున్నారండి" అనేసింది. ఆవిడ ఖాళీ బల్లవైపూ ఈమె మొహంవైపూ చూసి, గంపెత్తుకుని అవతలికి పోయింది.

"ఆయన పిల్లని చూసి మందిస్తాడా?" రాజారత్నం అడిగాడు.

"చూడడండి. పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు. బిడ్డ ఒంటిమీది మొలతాడు తెంపుకెళ్ళి ఇవ్వాలి. ఆయన దాన్ని గోడకి తగిలిస్తాడు. బిడ్డ అక్కడే ఉన్నట్టు లెక్క. మండలం రోజులు అయ్యాక తాడు తిరిగి ఇస్తాడు. ఈలోగా ఎవరికీ చెప్పకూడదు. కట్టుకున్న మొగుడికైనా."

"అంటే ఎవరు ఎవరికి పెడుతున్నారో ఆయనకీ తెలీదు."

"తెలిస్తే మందు విరిగిపోతుందండి."

అతను లవంగం ఒకటి బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

రెండూ పదికి వాళ్ళు ఆ ఇంటి వసారాలో ఉన్నారు. బయట అరుగు మీద అయిదుగురు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ముసుగులు లాక్కుని కూర్చున్నారు. వెంకటకృష్ణయ్య పీట మీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. అరవయ్యేళ్ళుంటాయి. నున్నటి తల, నుదుట గంధం. ముందు రాతి కల్వం, పసుపుపచ్చటి పొడి, చింపిన కాగితాల దొంతర. ఓ పక్కన చిన్న ఇత్తడి దీపం పట్టపగలే వెలుగుతోంది.

అతని వెనక గోడనిండా మేకులు. మేకుమేకుకీ మొలతాళ్ళు. నల్లవి, ఎర్రవి, దుమ్ముపట్టి తెల్లబడ్డవి. కొన్నిటికి రాగిబిళ్ళలు, ఒకదానికి గవ్వ. గాలికి అవి గోడను రాసుకుంటున్నాయి. పిల్లలు గుసగుసలాడుతున్నట్టుంది. వచ్చిన ప్రతిసారీ చంద్రకళ ఆ గోడవైపు దణ్ణం పెట్టుకునేది. ఇవాళ చేతులు లేవలేదు.

"కూర్చో తల్లీ. మగవాళ్ళని తీసుకొచ్చావేం?"

"నేను ఉబ్బసం రోగినండి," అన్నాడు రాజారత్నం. "ఈ పొడి వేటితో చేస్తారు?"

"ఆకులు, వేళ్ళు. దుగ్గిరాల పసుపు. మా తాతల నాటిది."

"పై వరసలో దుమ్ము పట్టిన తాళ్ళు పదకొండున్నాయి. మండలం దాటి చాలా రోజులైనట్టుంది. వాటి తల్లులు రాలేదా?"

వెంకటకృష్ణయ్య వెనక్కి తిరిగి చూడలేదు. "మరిచిపోయి ఉంటారు. జబ్బు నయమైతే ఎవరికి గుర్తుంటుంది నాయనా?"

"బిడ్డ మొలతాడు తల్లి మరిచిపోతుందా?"

రాజారత్నం లేచి గది కలయజూశాడు. అటక మీద ఎండుకొమ్మల కట్టలు, వాటి మీద సాలెపట్లు. కట్టలు విప్పి ఎన్నాళ్ళయిందో. కల్వం మాత్రం నిగనిగలాడుతోంది. వేలితో పొడి తీసి నాలికకి తాకించుకున్నాడు. "పసుపు, తాటిబెల్లం. దీని అడుగున ఇంకో చేదు ఉంది." కానీ నాలిక సాక్ష్యం ఏ కోర్టూ ఒప్పుకోదు. అతని చిన్నకన్ను మూలమూలా వెతుకుతోంది.

చంద్రకళ మాత్రం దీపాన్నే చూస్తోంది.

"అన్నయ్యగారూ," అంది నెమ్మదిగా. "ఆ వత్తి మన ఇళ్ళల్లో వత్తి కాదండి."

"ఏం?"

"మేం పత్తికాయ ఒలిచి, గింజ తీసి, ఏకి, చేత్తో చేస్తాం. పీచు అటూ ఇటూ ఉంటుంది. ఇది చూడండి, పాలలా తెల్లగా ఉంది. పొడుగ్గా పట్టీలా ఉంది. మడిచి మడిచి దేంట్లోనో కూరినట్టు మడతలు కూడా ఉన్నాయి."

రాజారత్నం వంగి వత్తి కొస పట్టుకుని చూశాడు. మరుక్షణం నిటారుగా నిలబడి, ఒక్క అంగలో పెరటి తలుపు తోశాడు. వెంకటకృష్ణయ్య "అటు వెళ్ళకూడదు, మడి!" అని అరిచే లోపే అతను పెరట్లో నూతిపళ్ళెం దగ్గర ఉన్నాడు. కాసేపటికి తిరిగొచ్చాడు. ఒక చేతిలో గోధుమరంగు సీసా. కాగితం సగం గీకేసి ఉంది. రెండో చేతిలో పొడుగాటి తెల్లదూది.

"ప్రెడ్నిసొలోన్, వెయ్యి బిళ్ళల సీసాలు. అవి కదిలి పొడి కాకుండా మూత కింద ఈ దూది కూరుతారు. నూతి దగ్గర బోర్లించినవి తొమ్మిదున్నాయి. దూది పారేయడానికి మనసొప్పక దేవుడికి వత్తులు చేశారు." సీసా పీట ముందు పెట్టాడు. "తాతల నాటి మందు కదూ? కాంపౌండరుగా ఎక్కడ చేశారు మీరు?"

నున్నటి తల మీద చెమట పట్టింది. "ఆకులతో ఇరవయ్యేళ్ళు చేశాను. ఒక్క దగ్గూ ఆగలేదు. పిల్లలు ఎగశ్వాసతో గిలగిల్లాడుతుంటే తల్లులు నా కాళ్ళ మీద పడేవారు. ఇవి నూరి కలిపాను. నాలుగు రోజుల్లో ఆగింది. నాలుగు రోజుల్లో! వద్దని ఎలా అనను నాయనా?"

"పదకొండు తాళ్ళు చూశాక కూడానా?"

బయట జీపు కీచుమని ఆగింది. అరుగు మీద ఆడవాళ్ళు చెదిరిపోయారు.

ఇన్‌స్పెక్టర్ నరసింహం రొప్పుతూ లోపలికొచ్చాడు. మూడూ ఇరవై. "రేపల్లె పొడాయన మాట అనసూయమ్మ చెవిన పడబట్టి సరిపోయింది. పారిపోతుందని నేను అనుకుంటూనే ఉన్నా! పారిపోయేది, వెంట డిటెక్టివ్‌ని కూడా తీసుకుపోతుందనుకోలేదు. పదమ్మా, అయిదు దాకా ఎందుకు, ఇప్పుడే."

అతని వెనక, జీపులో వచ్చిన సుబ్బాయమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఈ మనిషి ఏడుపు ఈ తొమ్మిది రోజులూ వీధి చివరికి వినబడింది. ఇప్పుడు మాత్రం బిక్కచచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపే చూస్తోంది.

"సార్, రెండు నిమిషాలు," అన్నాడు రాజారత్నం. "విషం పెట్టినవాడు ఈ పీట మీద ఉన్నాడు. అది విషమని వాడికీ తెలీదు, పెట్టిన చేతులకీ తెలీదు."

"చేతులా? ఒక్కటే చెయ్యి. ఇదిగో ఇది!" ఇన్‌స్పెక్టర్ చంద్రకళ మణికట్టు చూపించాడు.

"అమ్మా, రాణి తాడు ఏది?"

చంద్రకళ గోడ దగ్గరికి నడిచింది. మూడో వరస, కిటికీ పక్క మేకు. నల్లతాడు మధ్యలో ఎర్రదారం పోగు కలిపి తనే పేనింది. దాన్ని తాకబోయి, పక్క మేకు చూసి ఆగిపోయింది. అక్కడ ఇంకో తాడు. పసిపిల్లకి కట్టే చిన్న తాడు, రావి ఆకంత వెండిబిళ్ళతో. ఆ బిళ్ళ మీద పంటిగాట్లు కూడా ఆమెకి తెలుసు. రాణికి పళ్ళు వచ్చేటప్పుడు కొరికినవని సుబ్బాయమ్మే ఎన్నోసార్లు మురిసిపోయి చెప్పింది.

"ఇది... ఇదీ రాణిదేనండి. వాళ్ళ అమ్మమ్మగారి దగ్గరుండేది."

సుబ్బాయమ్మ గుమ్మంలోనే చతికిలబడింది.

"నాదే," అంది. "పొద్దున్నే చద్దన్నానికి వచ్చేది కదా నా దగ్గరికి. వెన్నలో పెట్టి మింగించేదాన్ని. ఎవరికీ చెప్పకూడదన్నాడు. చెబితే మా పిల్లకే..." మాట మింగేసింది. "నువ్వు కూడానా చంద్రా?"

"సాయంత్రాలు," అంది చంద్రకళ.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ ఒకే పిల్ల రెండు గుమ్మాల మధ్య పరిగెత్తింది, ఈ చేతిలో ఒక పొట్లం, ఆ చేతిలో ఒకటి. దగ్గు లేదని ఇద్దరూ మురిశారు. బుగ్గలొచ్చాయని ఇద్దరూ దిష్టి తీశారు. సుబ్బాయమ్మ దేక్కుంటూ వచ్చి చంద్రకళ పాదం పట్టుకుంది. చంద్రకళ వద్దనలేదు, కదల్లేదు. ఆ పాదం తనదేనని కూడా తెలిసినట్టు లేదు.

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే. సీసాలు సీజ్ చేద్దాం. కానీ రాజారత్నం, ఒక్కటి చెప్పు. ఒకే ఇల్లు, ఒకే కాలవ. పురుగులు ఇద్దరికీ పట్టాలి. రెండోవాడికేం కాలేదేం?"

"వాడికి పొడి పెట్టలేదు కనుక."

"ఎప్పుడూ పెట్టలేదండి," అంది చంద్రకళ. "వాడికి దగ్గు మొదలయ్యాక కూడా పెట్టలేదు. అదీ మొన్న దీపావళి వెళ్ళాక దానంతటదే..."

వాక్యం అక్కడే తెగిపోయింది. ఆమె చూపు గోడ మీద ఇంకొంచెం కిందికి జారింది. ఆఖరి వరస, కొత్త మేకు. దుమ్ము లేదు. మూరెడైనా లేని నల్లతాడు, ముడి దగ్గర నీలం పూస. ఆ పూస తన పుస్తెలతాడులోంచి తీసి, వాడు పుట్టిన ఇరవయ్యొకటో రోజున తనే గుచ్చింది. దీపావళి మర్నాడు స్నానం చేయిస్తుంటే తెగి తూములో పడిపోయిందని శివరామయ్య చెప్పాడు. కొత్తది కడదాంలే అన్నాడు.

"ఇది ఎవరు తెచ్చారు?"

వెంకటకృష్ణయ్య తల వంచుకునే చెప్పాడు. "పేర్లు అడగను తల్లీ. ఒక మగమనిషి. చేతులకి పసుపు మరకలు. మూడు వారాలైంది. మొన్న మళ్ళీ వచ్చాడు. పెద్దపిల్ల పోయింది, వీడైనా దక్కాలి అని ఇక్కడ కూర్చుని ఏడ్చాడు. జోడు పొట్లాలిచ్చి పంపాను."

రోజూ దుగ్గిరాల నుంచి రాగానే, కాళ్ళైనా కడుక్కోకుండా, రైలు చూపిస్తానని ఆయన వాణ్ణి భుజానికెత్తుకుని గేటు దాకా వెళ్ళేవాడు. వచ్చేసరికి వాడి మూతికి తేనె అంటి ఉండేది. బజార్లో ఏదో కొనిపెట్టాడని తనే తుడిచేది. తను ఆయనకి చెప్పలేదు. ఆయన తనకి చెప్పలేదు.

"టైమెంత?" ఎవరిని అడిగిందో ఆమెకే తెలియదు.

"మూడూ నలభై అయిదు."

రాజారత్నం మొహంలో రక్తం లేదు. "వాడికి పురుగులుంటే ఇవాళ్టి పొట్లం పడకూడదు. అలాగని ఇంట్లో ఉంచి ఊరికే మానిపించినా ప్రమాదమే, మూడు వారాలు అలవాటుపడ్డ ఒళ్ళు అమాంతం కుప్పకూలుతుంది. నేరుగా దేవకుమారి దగ్గరికి తీసుకెళ్ళాలి. సార్, ఫోన్..."

"ట్రంక్ కాల్ దొరికేసరికి తెల్లారుతుంది!" నరసింహం అప్పటికే వాకిట్లో ఉన్నాడు. కానిస్టేబుల్ని ఇంటికి కాపలా పెట్టి తనే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "శివరామయ్య ఎన్నింటికి ఇంటికొస్తాడు?"

"అయిదున్నరకండి."

"ఎక్కమ్మా!"

చంద్రకళ మేకు మీది తాడు లాగింది. మేకు కూడా ఊడి చేతిలోకి వచ్చింది. చెప్పులు అక్కడే వదిలేసి జీపులోకి దూకింది. బండి కదులుతుంటే రేపల్లె స్టేషన్ వైపు నుంచి పరిగెత్తుకుంటూ ఇంకో కానిస్టేబులు అడ్డొచ్చి, కాగితం ముక్క కిటికీలోంచి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు.

"తెనాలి నుంచి రైల్వే వాళ్ళు మెసేజీ పంపించారు సార్. ఆ శివరామయ్య ఇవాళ దుగ్గిరాల యార్డుకి వెళ్ళలేదట. మీరు జీపెక్కిన వెంటనే పక్కింటావిడ దగ్గర పిల్లాణ్ణి తీసేసుకున్నాడట. పెళ్ళాన్ని పోలీసులు పట్టుకుపోయారని ఎవరో చెప్పారు. వీడినైనా దక్కించుకుంటానని, పొట్లాలన్నీ మూటగట్టుకుని, రెండున్నరకి తెనాలి స్టేషన్లో ఎదురెదురుగా ఆగిన రెండు బళ్ళలో దేంట్లోనో ఎక్కాడట."

"ఎటు బండి?" నరసింహం అరిచాడు.

"అదే ఎవరికీ తెలీదు సార్."